రాగా, ప్లాస్టిక్కా? నేల మూసేముందే తేల్చుకోవాల్సిన సంగతి

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి మొదటి చలికాలంలోనే హీటింగ్ అంటే ఏమిటో తెలిసొస్తుంది. హాల్లో రేడియేటర్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, అడుగు మాత్రం చల్లగా ఉంటుంది. పై గదిలో పిల్లలు రగ్గు కప్పుకుని హోంవర్క్ చేసుకుంటారు. వేసవి రాగానే ముగ్గురు ప్లంబర్లను పిలిచి కొటేషన్లు అడుగుతారు. ఒకాయన అంతా రాగి పైపే వేస్తానంటాడు. రెండో ఆయన ప్లాస్టిక్ అయితే తొందరగా అయిపోతుంది, ఖర్చూ కలిసొస్తుంది అంటాడు. మూడో ఆయన ఇచ్చిన కాగితం మీద బాయిలర్ మోడల్, రేడియేటర్ల సంఖ్య, మొత్తం సొమ్ము ఉంటాయి. పైపు ఊసే ఉండదు. ముగ్గురిలో అనుమానించాల్సింది ఆ మూడో ఆయన్నే.

ఇంటి పనుల్లో మన శ్రద్ధ ఎందుకో తలకిందులుగా ఉంటుంది. రేడియేటర్ తెల్లదా, బూడిద రంగుదా అని వారాల తరబడి చర్చిస్తాం. నచ్చకపోతే ఒక్క పూటలో మార్పించుకోగల వస్తువు అది. బాయిలర్ గురించి దొరికిన సమీక్షలన్నీ చదువుతాం. దాని ఆయుష్షు పది, పదిహేనేళ్లు. నేల చెక్కల కింద, కొత్తగా పరిచిన కార్పెట్ కింద, ఒక్కోసారి కొత్త కిచెన్ అల్మరాల వెనక నలభై, యాభై ఏళ్లు పడి ఉండబోయే పైపును మాత్రం ఆ రోజు ప్లంబర్ వ్యాన్‌లో ఏముంటే దానికి వదిలేస్తాం. ఏ నిర్ణయాన్ని తేలిగ్గా వెనక్కి తీసుకోలేమో దానికే ఎక్కువ సమయం ఇవ్వాలి. ఇల్లు బాగుచేయించుకోవడంలో నేను నమ్మే సూత్రం ఇదొక్కటే. పైపు విషయంలో అది అక్షరాలా వర్తిస్తుంది.

ఇంటికి ఫోన్ చేస్తే సలహా సిద్ధంగానే ఉంటుంది.

"రాగిదే వేయించవోయ్. ప్లాస్టిక్‌లో వేడినీళ్లు పారితే ఒంటికి మంచిది కాదు."

"అవి తాగే నీళ్లు కావు బావా, హీటింగ్ నీళ్లు."

"ఏవైతేనేం, రాగి రాగే."

రాగి చెంబులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగే ఇళ్లలో పెరిగినవాళ్లం. ఆ గౌరవం మనసులో ఉండనే ఉంటుంది, ఉండనివ్వండి. ఇక్కడ మాత్రం దానికి పనిలేదు. బాయిలర్ వేడి చేసిన నీరు పంపు తోసినకొద్దీ రేడియేటర్లకు వెళ్లి, చల్లబడి, మళ్లీ బాయిలర్‌కే వస్తుంది. వెళ్లే పైపును ఫ్లో అంటారు, వచ్చేదాన్ని రిటర్న్. అది మూసిన వలయం. అందులో తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ అనే రసాయనం కలుపుతారు కాబట్టి ఆ నీటిని ఎవరూ నోట్లో పోసుకోరు. ఆరోగ్యం వాదన ఇక్కడితో ముగిసినట్టే.

హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో గీజర్ నుంచి వచ్చే సీపీవీసీ పైపు తెలిసినవాళ్లు మరో పొరపాటు పడతారు. అది బిర్రుగా ఉంటుంది, సొల్యూషన్ పూసి అతికిస్తారు. బ్రిటన్‌లో హీటింగ్‌కు వేసే ప్లాస్టిక్ జాతి వేరు. పెక్స్ అనే క్రాస్‌లింక్డ్ పాలీఎథిలీన్, లేదా పాలీబ్యూటిలీన్. రెండూ చేత్తో వంచితే వంగుతాయి, వీటికి ఏ జిగురూ అంటదు. హెప్‌టూఓ, స్పీడ్‌ఫిట్, పాలీప్లంబ్ అన్న పేర్లు దుకాణాల్లో కనిపిస్తాయి. 25, 50, 100 మీటర్ల చుట్టలుగా దొరుకుతాయి. రాగి సాధారణంగా మూడు మీటర్ల కడ్డీలుగా వస్తుంది.

ఈ చివరి వాక్యంలోనే అసలు విషయం ఉంది.

పైపు కాదు, జాయింటు

రాగి గొప్పదా, ప్లాస్టిక్ గొప్పదా అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను. పైపు మధ్యలో కారడం అరుదు. మేకు దిగితేనో, ఎలుక కొరికితేనో, ఏళ్ల తరబడి తుప్పు తింటేనో తప్ప రాగి గానీ ప్లాస్టిక్ గానీ నడుమ చిల్లు పడదు. కారేది జాయింటు దగ్గర. కాబట్టి తేల్చుకోవాల్సినవి రెండు. జాయింట్లు ఎన్ని పడతాయి? అవి ఎక్కడ పడతాయి? ఈ రెండూ తేలితే ఏ పైపు వేయాలో దానంతట అదే తేలిపోతుంది.

రాగి జాయింటు ఎలా చేస్తారో ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. పైపు కోసి, అంచున లేచిన గరుకు తీసేస్తారు. కొసను రాగి తళతళలాడేదాకా రుద్ది, ఫ్లక్స్ పూసి, ఫిట్టింగ్‌లోకి దోపుతారు. టార్చ్ మంటతో ఫిట్టింగ్‌ను కాస్తారు. వేడి సరిపోయిందనుకున్నప్పుడు సోల్డర్ తీగను అంచుకు ఆనిస్తే అది కరిగి, ఆ వెంట్రుకవాసి సందులోకి తనంతట తానే పాకిపోతుంది. చుట్టూ తెల్లటి గీత పూర్తిగా పడితే పని బాగా కుదిరినట్టు. తడిగుడ్డతో ఫ్లక్స్ తుడిచేయడం ఆఖరి మెట్టు. తొందరలో ఉన్నవాళ్లు ఎగ్గొట్టేది దీన్నే. మిగిలిపోయిన ఫ్లక్స్ పైపు పైన పచ్చగా చిలుము పట్టిస్తుంది, లోపల పేరుకుంటే ఏళ్లు గడిచాక సూదిమొన చిల్లులు పొడుస్తుంది. బాగా చేసిన సోల్డర్ జాయింటు మాత్రం ఇల్లున్నన్నాళ్లూ ఉంటుంది. దాన్ని నేల కింద పెట్టి మూసేసినా భయం లేదు.

భయమల్లా మంటతోనే. వందేళ్లు ఎప్పుడో దాటిన విక్టోరియన్ ఇంట్లో నేల చెక్కల కింద ఎండిన కలప, రంపపు పొట్టు, తరాల దుమ్ము పేరుకుని ఉంటాయి. అక్కడ టార్చ్ వెలిగించే మనిషి వేడి తగలకుండా మ్యాట్ అడ్డుపెట్టుకోవాలి, పక్కన ఆర్పే సాధనం ఉంచుకోవాలి, పని ముగిశాక కాసేపు ఆగి పొగ రావడం లేదని చూసుకుని మరీ వెళ్లాలి. సాయంత్రం ఐదింటికి ఆఖరి జాయింటుకు సోల్డర్ పెట్టి ఐదుంపావుకు వ్యాన్ ఎక్కేవాణ్ణి నేనైతే మళ్లీ పిలవను.

ఇప్పుడు ప్లాస్టిక్. దాన్ని కలిపే, నొక్కితే పట్టుకునే పుష్‌ఫిట్ ఫిట్టింగ్‌ను విప్పి చూస్తే లోపల రెండు ముఖ్యమైన వస్తువులు ఉంటాయి. ఒకటి నీటిని ఆపే రబ్బరు ఓ-రింగ్. రెండోది స్టీలు పళ్లున్న గ్రాబ్ రింగ్. పైపు లోపలికి వెళ్తుంది గానీ ఆ పళ్లు దాన్ని వెనక్కి రానివ్వవు. పైపును కట్టర్‌తో నిలువుగా, నున్నగా కోయాలి. హాక్‌సా బ్లేడుతో కోస్తే పీచు లేచి ఓ-రింగ్‌ను గీరేస్తుంది. కోసిన కొసలోకి ఇన్‌సర్ట్ అనే చిన్న గొట్టం దోపాలి. ఫిట్టింగ్‌లో ఎంత లోతు దిగాలో పైపు మీద పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు దాకా నొక్కి, ఒకసారి వెనక్కి గట్టిగా లాగి చూడాలి. అంతే, నిమిషం పని. మంట లేదు, పొగ లేదు.

తేలికైన పనిలోనే తప్పులు దూరతాయి. ఇన్‌సర్ట్ పెట్టడం మర్చిపోయినా జాయింటు ఆ రోజు టెస్టులో నిలబడుతుంది. తర్వాత చలికాలమంతా వేడెక్కుతూ చల్లబడుతూ ఉంటే ప్లాస్టిక్ మెత్తబడి లోపలికి లొంగుతుంది, ఓ-రింగ్ పట్టు సడలుతుంది. ఏ ఫిబ్రవరి నెలలోనో కింద గది సీలింగ్ మీద గోధుమ రంగు మరక తేలుతుంది. పైపును సగమే తోసి వదిలేసినా ఇదే కథ. పైపు లోపలికి దిగిపోయాక ఇన్‌సర్ట్ ఉందో లేదో బయటికి కనబడదు కాబట్టి, ఇంట్లో ఎవరైనా ఖాళీగా ఉంటే పక్కన నిలబడి చూడటం దండగ కాదు. టీ ఇచ్చే వంకతో చూడండి, ఆయన నొచ్చుకోడు.

రాగికీ ప్లాస్టిక్‌కూ పడదని ఎవరన్నా అంటే నమ్మకండి. 15 ఎంఎం, 22 ఎంఎం అనేవి రెండింటికీ బయటి కొలతలే. ఒకే పుష్‌ఫిట్ ఫిట్టింగ్‌కు ఒకవైపు రాగి, మరోవైపు ప్లాస్టిక్ తగిలించవచ్చు. రాగి కొస గరుకు తీయకుండా తోస్తే మాత్రం ఓ-రింగ్ తెగుతుంది. క్రోమ్ పూత పైపును పుష్‌ఫిట్‌లో పెట్టకూడదు, దాని గట్టి పూత మీద గ్రాబ్ రింగ్ పళ్లు దిగవు. అక్కడ నట్టు, ఆలివ్ అనే లోహపు రింగు ఉండే కంప్రెషన్ ఫిట్టింగే వాడాలి. 1970లకు ముందు కట్టిన ఇళ్లలో అంగుళాల కొలతల రాగి ఉండొచ్చు. అరంగుళం పైపు 15 ఎంఎం కంప్రెషన్ ఫిట్టింగ్‌తో సర్దుకుంటుంది గానీ, ముప్పావంగుళం 22 ఎంఎంతో కుదరదు, అడాప్టర్ కావాలి.

నేల చెక్కల కింద

జాయింట్లు ఎన్ని, ఎక్కడ అన్నాం కదా. మూడు మీటర్ల రాగి కడ్డీని నేల చెక్కలను మోసే దూలాల, అంటే జాయిస్టుల గుండా దూర్చడం అయ్యే పని కాదు. కడ్డీ వంగదు, గదికి అడ్డంగా గోడ ఉంటుంది. అందుకే రాగి వేసేవాళ్లు జాయిస్టు పైఅంచున గాడి కొట్టి, పైపును పైనుంచి దించుతారు. గాడి కొట్టడానికి లెక్కుంది. బ్రిటన్‌లో పాటించే పద్ధతి ప్రకారం మామూలు కలప జాయిస్టుకు గాడి లోతు దాని ఎత్తులో ఎనిమిదో వంతు మించకూడదు. 200 ఎంఎం జాయిస్టుకు 25 ఎంఎం అన్నమాట. ఆ గాడి కూడా గోడ దగ్గరి భాగంలోనే పడాలి, జాయిస్టు నడుమ పడకూడదు. పాత ఇళ్లలో కార్పెట్ ఎత్తి చూస్తే ముప్పై ఏళ్లుగా ఎవరెవరో కొట్టిన గాడులు పక్కపక్కనే కనిపిస్తాయి, అడుగేస్తే నేల ఊగుతుంది. పైగా గాడిలోని రాగి పైపు చెక్కకు అంగుళం దూరంలోనే ఉంటుంది. కార్పెట్ వేసేవాడి మేకు తిన్నగా అందులోకే దిగుతుంది.

ప్లాస్టిక్ చుట్ట అయితే జాయిస్టు మధ్యరేఖలో రంధ్రం వేసి గుచ్చుకుంటూ పోవచ్చు. రంధ్రం వ్యాసం ఎత్తులో నాలుగో వంతు దాకా ఉండొచ్చు. మధ్యరేఖ కలప మీద ఒత్తిడి తక్కువగా ఉండే చోటు కాబట్టి నేల బలం పెద్దగా తగ్గదు. ప్రధాన పైపు నుంచి పై గది రేడియేటర్ దాకా ఒకే ముక్క, మధ్యలో ఒక్క అతుకూ లేకుండా వెళ్తుంది. ప్లాస్టిక్ వైపు మొగ్గడానికి నాకున్న అసలు కారణం ఇదే. చవక, త్వరగా అవుతుంది అన్నవి ఆ తర్వాతి మాటలు. ఒకవేళ మీ ప్లంబర్ ప్లాస్టిక్ వేస్తూ కూడా నేల కింద మూల మూలకూ ఎల్బోలు పెడుతున్నాడంటే, ప్లాస్టిక్ లాభం పోయి నష్టం మిగిలినట్టే.

రాత్రి హీటింగ్ ఆన్ కాగానే నేల కింద టక్‌టక్‌మని చప్పుడొచ్చే ఇళ్లున్నాయి. వేడికి సాగిన రాగి గాడి అంచుకు ఒరుసుకునే చప్పుడు అది. 50 డిగ్రీలు వేడెక్కితే పది మీటర్ల రాగి 8 మిల్లీమీటర్లకు కొంచెం పైగా సాగుతుంది. అదే పొడవు ప్లాస్టిక్ ఆరు సెంటీమీటర్లు దాటి సాగుతుంది. సాగేది ఎక్కువైనా మెత్తన కాబట్టి చప్పుడు చేయదు, కాస్త వేలాడుతుంది. నేల కింద వేలాడితే ఎవరికీ పట్టదు. గోడ మీద కనబడే చోట వేలాడితే మాత్రం ఇంటి అందమంతా పోతుంది. 15 ఎంఎం ప్లాస్టిక్‌కు అడ్డంగా ప్రతి 30 సెంటీమీటర్లకూ క్లిప్ కావాలి. రాగికి 1.2 మీటర్లకు ఒకటి సరిపోతుంది. అందుకే నేల పైకి లేచి రేడియేటర్‌ను కలిసే ఆ చిన్న ముక్క రాగిదో, క్రోమ్‌దో అయితేనే నిటారుగా, శుభ్రంగా ఉంటుంది.

కాంక్రీట్ నేల ఉన్న ఇళ్లకు లెక్క ఇంకా సులువు. సిమెంట్ తగిలితే రాగిని తినేస్తుంది, తొడుగు లేకుండా పాతిపెట్టకూడదు. అండర్‌ఫ్లోర్ హీటింగ్ అయితే ఇక చర్చే లేదు, ప్లాస్టిక్ గొట్టమే, పైన పోసే సిమెంట్ పొరలో (స్క్రీడ్‌లో) జాయింటు లేకుండా.

లోపలి దారి ఎంత వెడల్పు

బయటి కొలత ఒకటే అన్నాను. లోపలి దారి ఒకటి కాదు. 15 ఎంఎం రాగి పైపు గోడ మందం సాధారణంగా 0.7 ఎంఎం, అంటే లోపల 13.6 ఎంఎం దారి. అదే కొలత ప్లాస్టిక్‌కు గోడ సుమారు 2 ఎంఎం ఉంటుంది, దారి పదకొండుంపావు చిల్లరకు దిగిపోతుంది. నీరు పారే వైశాల్యం లెక్కేస్తే రాగిలో మూడింట రెండు వంతుల చిల్లరే. జాయింటు దగ్గర ఇన్‌సర్ట్ వల్ల అదీ ఇంకాస్త ఇరుకవుతుంది.

గ్యాస్ బాయిలర్ ఉన్న మామూలు మూడు పడగ్గదుల ఇంట్లో ఈ తేడా తెలియనే తెలియదు. ఒక్కో రేడియేటర్‌కు 15 ఎంఎం ప్లాస్టిక్ పుష్కలం. చిక్కంతా బాయిలర్ దగ్గర మొదలయ్యే ప్రధాన పైపులతోనే, అదీ రేపు బాయిలర్ బదులు హీట్‌పంప్ పెట్టించుకోవాలనుకుంటే. లెక్క చూడండి. ఇంటికి 8 కిలోవాట్ల వేడి కావాలనుకుందాం. బాయిలర్ నీరు వెళ్లినప్పటికీ తిరిగొచ్చినప్పటికీ 20 డిగ్రీల తేడా ఉండేలా నడిపితే నిమిషానికి ఆరు లీటర్లకు లోపే పారితే చాలు. హీట్‌పంప్ సాధారణంగా 5 డిగ్రీల తేడాతోనే నడుస్తుంది. అప్పుడు అదే వేడికి నిమిషానికి 23 లీటర్లు పారాలి. 22 ఎంఎం రాగిలో ఆ నీరు సెకనుకు 1.2 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఒక మీటరు దాటితే పైపులో హోరు వినబడటం, పంపు మీద భారం పెరగడం మొదలవుతాయి. 22 ఎంఎం ప్లాస్టిక్‌లో వేగం ఒకటిన్నర దాకా పోతుంది.

ఇది ఊహాగానం అనుకోకండి. ఇంగ్లండ్ భవన నిబంధనల్లో 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, హీటింగ్‌ను పైపులు, రేడియేటర్లతో సహా మొత్తం కొత్తగా వేసేటప్పుడు ఫ్లో నీరు 55 డిగ్రీలు మించకుండా సరిపోయేలా లెక్కగట్టాలి. గ్యాస్ బాయిలర్ పెట్టినా సరే. తక్కువ వేడితో నడిచే రోజులు ఇంటి గుమ్మం దాకా వచ్చేశాయన్నమాట. కాబట్టి ఇప్పుడు నేల తీస్తున్నవాళ్లు ప్రధాన పైపులను 28 ఎంఎం రాగితో వేయించుకుంటే మంచిది. కొంచెం ఖర్చెక్కువైనా, మళ్లీ నేల తీసే ఖర్చు ముందు అదెంత?

ప్లాస్టిక్ వద్దే వద్దన్న చోట్లు

కొన్ని చోట్ల ఇష్టాయిష్టాలకు తావు లేదు. హీటింగ్ ప్లాస్టిక్ పైపులను నిత్యం నడిచే వేడికి 82 డిగ్రీల లెక్కన తయారుచేస్తారు, ఏదైనా తేడా చేసి కాసేపు వంద దాటినా తట్టుకుంటాయి. కట్టెలో బొగ్గో కాల్చే స్టవ్‌ను మనం ఆపమంటే ఆగదు. పంపు ఆగినా నిప్పు మండుతూనే ఉంటుంది, నీరు మరుగుతుంది. అటువంటి బాయిలర్‌కు తగిలే వలయం లోహంతోనే ఉండాలి. కప్పు మీది సోలార్ వేడినీటి పలకలకూ అంతే. గ్యాస్ బాయిలర్‌కు అతివేడి కాకుండా ఆపే కట్టడి, ఆపాక కూడా పంపు కాసేపు తిరిగే ఏర్పాటు ఉంటే నేరుగా ప్లాస్టిక్ తగిలించడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, లేకపోతే మొదటి మీటరు రాగి అడుగుతాయి. నన్నడిగితే ఉన్నా లేకున్నా ఆ మీటరు రాగే వేయించండి. బాయిలర్ కింద చక్కగా నిలబడే పైపులు చూడ్డానికీ బాగుంటాయి, సర్వీసుకొచ్చిన మనిషికీ సుఖం.

నీటి పైపుల మాట ఇది. గ్యాస్ పైపు సంగతి పూర్తిగా వేరు. పుష్‌ఫిట్ ప్లాస్టిక్‌ను దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదు, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషి తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయకూడదు. కార్డు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎండ పడే చోట ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఎలుకలు తిరిగే అటక మీద, గరాజ్‌లో దానికి రక్షణ ఉండదు. ఇంకోటి చాలామంది మర్చిపోయేది: పాత ఇళ్లలో రాగి పైపులను విద్యుత్ ఎర్తింగ్‌తో కలిపి ఉంచుతారు. మధ్యలో ఒక ముక్క కోసి ప్లాస్టిక్ పెడితే ఆ కలయిక తెగిపోవచ్చు. పైపులు మార్చాక ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోవాలి.

బ్యారియర్ అనే ఒక్క మాట

ప్లాస్టిక్ వేయించుకుంటే పైపు మీది అచ్చు చదవండి. బీఎస్ 7291 అన్న ప్రమాణం, ఉష్ణోగ్రత పరిమితి ఉంటాయి. వాటి పక్కనే బ్యారియర్ అన్న మాట కోసం వెతకండి. విచిత్రమైన సంగతేమిటంటే మామూలు ప్లాస్టిక్ గోడ గుండా నీళ్లు బయటికి రావు గానీ, గాలిలోని ఆక్సిజన్ లోపలికి పోతుంది. లోపల నీటి ఒత్తిడి ఎంతున్నా ఆగదు, ఎందుకంటే ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేదు, బయట గాలిలో ఉంది. పైపుకు అదేమీ చేయదు. స్టీలు రేడియేటర్లను తింటుంది. తుప్పు నల్లటి బురదగా మారి రేడియేటర్ అడుగున పేరుకుంటుంది. మొదట్లో చెప్పుకున్నామే, పైన వేడి, అడుగున చల్లన, అది ఈ బురద పనే. ఆక్సిజన్‌ను ఆపే సన్నటి పొరను పైపు గోడలో కలిపి చేస్తేనే అది బ్యారియర్ పైపు. కుళాయిలకు అది లేకపోయినా పర్వాలేదు. హీటింగ్‌కు తప్పనిసరి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, చదివితేనే తేడా తెలుస్తుంది. ఏ పైపు వేసినా వ్యవస్థను కడిగించి, ఇన్హిబిటర్ పోయించి, బాయిలర్‌కు తిరిగొచ్చే పైపు మీద మ్యాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించండి.

అమెరికాలో ఉన్న చుట్టాలు ఇక్కడ ఒక భయం పెడతారు. "పాలీబ్యూటిలీనా? మా దగ్గర ఆ పైపున్న ఇల్లు ఎవరూ కొనరు." వాళ్ల మాట అబద్ధం కాదు. 1978 నుంచి 1995 దాకా అమెరికా ఇళ్లలో లక్షలకొద్దీ వేసిన ఆ పైపులు, ముఖ్యంగా వాటి ప్లాస్టిక్ ఫిట్టింగులు, కుళాయి నీటిలోని క్లోరిన్‌కు పెళుసుబారి పగిలాయి. 1995లో వ్యాజ్యం 95 కోట్ల డాలర్ల పరిహార నిధితో ముగిసింది. అవి మంచినీటి పైపులు, రోజూ కొత్త క్లోరిన్ నీరు వాటిలో పారేది. హీటింగ్ వలయంలో నింపిన నీరే తిరుగుతుంది. ఫిట్టింగుల తీరూ వేరు. ఆ కథ బట్టి బ్రిటన్ హీటింగ్ పైపును తోసిపుచ్చనక్కర్లేదు.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్తాను. మీటరు లెక్కన ప్లాస్టిక్ బాగా చవక. ఫిట్టింగుల్లో మాత్రం తిరగబడుతుంది, రాగి సోల్డర్ ఎల్బో పెన్సుల్లో వస్తే పుష్‌ఫిట్ ఎల్బో పౌండ్లలో ఉంటుంది. జాయింట్లు తగ్గితేనే ప్లాస్టిక్‌లో ఆదా. మిగతా తేడా కూలిలో. కంపెనీలు ఇచ్చే పాతికేళ్ల, యాభై ఏళ్ల గ్యారంటీ పైపు తయారీ లోపానికే, ఇన్‌సర్ట్ మర్చిపోయిన చేతికి కాదు. ఉన్న రాగి పైపులు బాగున్నాయా? చవగ్గా వస్తోందని వాటిని పీకించి ప్లాస్టిక్ వేయించకండి. పాతది పాతదని తీసేయాల్సిన పని లేదు.

నా తీర్పు అడిగితే ఇలా చెప్తాను. బాయిలర్ దగ్గరి మొదటి మీటరు, ప్రధాన పైపులు, కంటికి కనిపించే ప్రతి ముక్కా రాగి. నేల కింద, గోడల వెనక జాయింటు లేకుండా పోయే మిగతా ప్రతి దారీ బ్యారియర్ ప్లాస్టిక్. సొంత ఇల్లు, నిపుణుడు దొరికాడు, నేల మొత్తం తీసి ఉంది, డబ్బుకు వెనకాడరు అంటే అంతా రాగి వేయించుకున్నా ఎవరూ కాదనరు. అంతా ప్లాస్టిక్ అన్న మాటకు మాత్రం నేను తలూపను.

ఈ మాటల్నే కొటేషన్‌లో రాయించుకోండి. ఏ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని ఎంఎం, నేల కింద జాయింట్లు ఎన్ని, చెక్కలు మూయకముందు నీటి ఒత్తిడి టెస్టు ఉందా లేదా అని. రాయనన్నవాడితో గొడవ పెట్టుకోవద్దు, ఇంకొకరిని చూసుకోండి. టెస్టు అయ్యాక, చెక్కలు దిగేముందు ఒక గంట మీ చేతిలో ఉంటుంది. టేపు పరిచి, గోడ నుంచి ఎంత దూరంలో ఏ పైపు పోతోందో కనిపించేలా ప్రతి గదికీ ఫోటోలు తీయండి. గోడల్లో రాగిని పట్టే డిటెక్టర్‌కు ప్లాస్టిక్ సరిగా దొరకదు కాబట్టి ఆ ఫోటోలే మీకు ఆధారం. వాటిని ప్రింట్ తీసి బాయిలర్ పుస్తకంతో పాటు ఒకే కవర్లో పెట్టండి. ఎప్పుడైనా ఇల్లు అమ్మితే ఆ కవరు కొన్నవాళ్ల చేతికి ఇచ్చి వెళ్లండి.